కాబోయే రబ్బీలు, కాబోయే పాస్టర్లు గాజా గురించి మాట్లాడుకోగలరా?

సంక్షిప్తంగా: అమెరికాలో యూదు మతగురువులను (రబ్బీలను), క్రైస్తవ పాస్టర్లను తయారుచేసే సెమినరీల విద్యార్థులు ఇజ్రాయెల్–పాలస్తీనా వివాదంపై కలిసి కూర్చుని మాట్లాడుకునే ప్రయత్నాలు ఏళ్లుగా సాగుతున్నాయి. 2023 అక్టోబరులో హమాస్ దాడి, గాజా యుద్ధం తర్వాత వాటిలో చాలావాటికి గడ్డుకాలం వచ్చింది. ఈ సంభాషణలు నిలబడతాయా, తెగిపోతాయా అన్నది పాల్గొనేవారి మంచితనం కంటే ఏర్పాట్ల మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. గదిలో ఎంతమంది ఉన్నారు, మొదట ఏం చదివారు, మాట్లాడితే ఎవరికి ఎంత నష్టం, అసలు ఆ గదిలో ఎవరు లేరు అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి.

ఒక వీధి, రెండు సెమినరీలు

న్యూయార్క్‌లో బ్రాడ్‌వే మీద 122వ వీధి దగ్గర రెండు మత విద్యాసంస్థలు దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి 1836లో మొదలైన ప్రొటెస్టెంట్ సంస్థ యూనియన్ థియలాజికల్ సెమినరీ. రెండోది 1886లో మొదలైన జ్యూయిష్ థియలాజికల్ సెమినరీ. రెండో సంస్థలో పాఠాలు చెప్పే రబ్బీ అబ్రహాం జోషువా హెషెల్ 1965–66లో రోడ్డు దాటి వచ్చి యూనియన్‌లో విజిటింగ్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. యూనియన్‌కు చెందిన వేదాంతి రైన్‌హోల్డ్ నీబర్‌తో ఆయన స్నేహం ఎంత గాఢమైనదంటే, 1971లో నీబర్ అంత్యక్రియల్లో మాట్లాడింది ఈ రబ్బీయే.

2024 వసంతంలో అదే పేట దృశ్యం వేరు. నాలుగడుగుల దూరంలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏప్రిల్ 17న విద్యార్థులు గుడారాలు వేశారు. మే నెలలో యూనియన్ పాలకమండలి గాజా యుద్ధం నుంచి లాభపడే కంపెనీల్లో పెట్టుబడులు ఉంచరాదని తీర్మానించింది. వీధికి అవతలి సెమినరీకి ఇజ్రాయెల్‌తో దశాబ్దాల అనుబంధం ఉంది. అక్కడ రబ్బీ చదువులో భాగంగా విద్యార్థులు జెరూసలేంలో కొంతకాలం గడుపుతారు. ఒక వైపువారికి అది మనస్సాక్షి ప్రకారం తీసుకున్న నిర్ణయం. మరో వైపు చాలామందికి, హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయి 251 మంది బందీలై ఏడాది కూడా తిరగకముందే పొరుగువారు తమ గొంతు వినలేదన్న భావన. గాజాలో మృతుల సంఖ్య అక్కడి ఆరోగ్య శాఖ లెక్కల ప్రకారం ఆ మే నాటికే 34 వేలు దాటింది, తర్వాత 60 వేలు దాటింది. ఆ అంకె ముందు పెట్టుకుని మౌనంగా ఉండమని క్రైస్తవ విద్యార్థికి చెప్పడమూ కుదరని పని.

విద్యార్థుల మాటకు ఇంత విలువ ఎందుకు

సెమినరీ విద్యార్థికి ఇవాళ అధికారం లేదు. అయిదారేళ్లలో వస్తుంది. ఒకరికి ఆదివారం ప్రసంగ వేదిక, మరొకరికి శనివారం ఉదయం సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. వాటితో పాటు తీర్మానాల మీద ఓటు.

ఈ ఓటు విలువ అమెరికాలోని ప్రొటెస్టెంట్ శాఖ ప్రెస్బిటేరియన్ చర్చి చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ శాఖ మహాసభ 2004లో ఇజ్రాయెల్‌తో వ్యాపారం చేసే కంపెనీల నుంచి దశలవారీగా పెట్టుబడులు ఉపసంహరించే ప్రక్రియను 431–62తో మొదలుపెట్టింది. 2012లో ఉపసంహరణ ప్రతిపాదన 333–331తో, అంటే రెండే ఓట్ల తేడాతో వీగిపోయింది. 2014లో డెట్రాయిట్‌లో క్యాటర్‌పిల్లర్, హ్యూలెట్-ప్యాకార్డ్, మోటరోలా సొల్యూషన్స్ షేర్లు వదులుకోవాలన్న తీర్మానం 310–303తో నెగ్గింది. ఆ మహాసభకు వేదాంత విద్యార్థులు సలహా ప్రతినిధులుగా హాజరవుతారు. అసలు ఓటింగుకు ముందే వారి సలహా ఓటు తీసుకుని తెరమీద చూపిస్తారు. ఏడు ఓట్ల తేడాతో తేలే సభలో అది చిన్న విషయం కాదు. యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే మరో ప్రొటెస్టెంట్ శాఖలో మాత్రం 2015లో ఇలాంటి తీర్మానం 508–124తో సునాయాసంగా గట్టెక్కింది.

యూదుల వైపు కూడా విద్యార్థులే కదలిక తెచ్చారు. 2021 మేలో గాజా ఘర్షణల సమయంలో వేర్వేరు సెమినరీలకు చెందిన సుమారు 90 మంది రబ్బీ విద్యార్థులు, సినగాగ్ గాయకులుగా శిక్షణ పొందుతున్నవారు ఇజ్రాయెల్ విధానాలను ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాశారు. అది యూదు సమాజంలో పెద్ద దుమారం రేపింది. అప్పటినుంచి మతాంతర సంభాషణకు ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. యూదు విద్యార్థులందరూ ఒకే మాట మీద ఉంటారని అనుకుని గది సర్దితే మొదటి పది నిమిషాల్లోనే లెక్క తప్పుతుంది.

ఈ వివాదం మధ్యలోకి ఎప్పుడు వచ్చింది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి యూదు–క్రైస్తవ సంభాషణ మొదట చర్చి తప్పుల గురించే. 1947లో స్విట్జర్లాండ్‌లోని సీలిస్‌బర్గ్‌లో పది సూత్రాలు రాసుకున్నారు. యేసు మరణానికి యూదు జాతిని బాధ్యుల్ని చేసే బోధను మానాలన్నది వాటి సారం. 1965 అక్టోబరు 28న వాటికన్ మహాసభ 2,221–88 ఓట్లతో ఆమోదించిన ప్రకటన క్యాథలిక్ బోధనను ఆ దారిలోకి మళ్లించింది. అప్పటికి ఇజ్రాయెల్ నేల ప్రస్తావన పెద్దగా లేదు.

1967 జూన్ యుద్ధంతో అది వచ్చింది. యుద్ధానికి ముందు వారాల్లో ఇజ్రాయెల్ మనుగడే ప్రమాదంలో పడిందని అమెరికన్ యూదులు భయపడుతుంటే చర్చి నాయకత్వాలు నోరు మెదపలేదన్న బాధ యూదు నాయకుల్లో మిగిలింది. తర్వాతి దశాబ్దాల్లో ఒక అలిఖిత ఒప్పందం అమలైంది. సంభాషణ సాగాలంటే క్రైస్తవులు ఇజ్రాయెల్‌ను గట్టిగా విమర్శించకూడదు. యూదు వేదాంతి మార్క్ ఎల్లిస్ దీన్ని ‘ఎక్యుమెనికల్ డీల్’ (మత సఖ్యత పేరిట బేరం) అని విమర్శించారు. 2000 సెప్టెంబరులో రెండు వందల మందికి పైగా రబ్బీలు, పండితులు సంతకం చేసిన ప్రకటన క్రైస్తవ మార్పును స్వాగతిస్తూనే, ఇజ్రాయెల్ నేలపై యూదుల హక్కును క్రైస్తవులు గౌరవించగలరని విడిగా ఒక అంశం రాసింది. 2009 డిసెంబరులో పాలస్తీనా క్రైస్తవులు బెత్లెహేములో కైరోస్ పత్రం విడుదల చేసి, ఆక్రమణ పాపమని ప్రపంచ చర్చిలకు చెప్పారు. అమెరికన్ ప్రొటెస్టెంట్ సెమినరీల్లో చదివేవారి ముందు ఇప్పుడు ఈ రెండు పత్రాలూ ఉన్నాయి.

ఒప్పందం తెగిన రోజు 2012 అక్టోబరు 5 అనుకోవచ్చు. ఇజ్రాయెల్‌కు ఇచ్చే సైనిక సాయంపై విచారణ జరపాలని 15 మంది చర్చి నాయకులు అమెరికన్ కాంగ్రెస్‌కు లేఖ రాశారు. అదే నెల 22, 23 తేదీల్లో జరగాల్సిన యూదు–క్రైస్తవ రౌండ్ టేబుల్ నుంచి యూదు సంస్థలు తప్పుకున్నాయి. లేఖలోని విషయం ఎంత నొప్పించిందో, ఏళ్లుగా ఒకే బల్ల దగ్గర కూర్చున్నవారు ముందుగా ఒక ఫోన్ అయినా చేయకపోవడం అంతే నొప్పించింది. విద్యార్థి దశ సంభాషణలు నిజానికి నాటాలని చూసేది ఆ ఫోన్ చేసే అలవాటునే. అంగీకారం కుదరడం దాని తర్వాతి మాట.

ఎవరు వస్తారు, ఎవరు రారు

గదికి వచ్చేవారు రెండు మతాలకూ సరైన ప్రతినిధులు కారు. ఛాందస సంప్రదాయాన్ని పాటించే ఆర్థడాక్స్ యూదుల్లో రబ్బీ జోసెఫ్ సొలొవైచిక్ 1964లో గీసిన గీత ఇప్పటికీ చాలావరకు నిలిచింది. సామాజిక విషయాలపై ఇతర మతస్థులతో కలిసి పనిచేయవచ్చు, విశ్వాస విషయాలపై చర్చ వద్దు. కాబట్టి రిఫార్మ్, కన్సర్వేటివ్, రీకన్‌స్ట్రక్షనిస్ట్ అనే ఇతర యూదు శాఖల నుంచి, ఏ శాఖకూ చెందని సెమినరీల నుంచే విద్యార్థులు వస్తారు. క్రైస్తవుల వైపు ఉదారవాద ప్రొటెస్టెంట్లు, కొందరు క్యాథలిక్కులు వస్తారు. ఇజ్రాయెల్‌ను బైబిలు ప్రవచన నెరవేర్పుగా చూసి గట్టిగా సమర్థించే ఇవాంజెలికల్ వర్గం దాదాపు ఉండదు. పాస్టర్ జాన్ హేగీ 2006లో స్థాపించిన క్రిస్టియన్స్ యునైటెడ్ ఫర్ ఇజ్రాయెల్ లాంటి సంస్థలకు ఇలాంటి సంభాషణ అక్కర్లేదు. వారి మద్దతు ముందే ఖాయం.

మసాచుసెట్స్‌లోని న్యూటన్‌లో ఒక గుట్టమీద యూదుల హీబ్రూ కాలేజీ, ప్రొటెస్టెంట్ల ఆండోవర్ న్యూటన్ సెమినరీ పక్కపక్కనే నడిచిన ఏళ్లు ఈ రంగంలో తరచు ప్రస్తావనకు వస్తాయి. రెండూ కలిసి ఒక మతాంతర నాయకత్వ కేంద్రాన్నీ నడిపాయి. (నెల్లూరు తెలుగు బాప్టిస్టు మిషన్‌ను కష్టకాలంలో నిలబెట్టిన లైమన్ జ్యూయెట్ చదివింది ఈ న్యూటన్ సంస్థలోనే.) ఆండోవర్ న్యూటన్ ఆ క్యాంపస్ అమ్మి 2017లో యేల్ విశ్వవిద్యాలయంలో కలిసిపోవడంతో ఆ పొరుగు పోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర, పార్కింగ్ దగ్గర అనుకోకుండా జరిగే మాటలు ఏ పాఠ్యప్రణాళికలోనూ పెట్టలేనివి. గాజా లాంటి విషయం తట్టుకునే శక్తి స్నేహానికి అక్కడే వస్తుంది.

గదిలో పని ఎలా నడుస్తుంది

చాలా కార్యక్రమాలు మసాచుసెట్స్‌లో 1989లో మొదలైన పబ్లిక్ కన్వర్సేషన్స్ ప్రాజెక్ట్ పద్ధతినో, దాని రూపాంతరాన్నో వాడతాయి. 1994లో బ్రూక్‌లైన్ గర్భస్రావ క్లినిక్‌లలో కాల్పుల తర్వాత రెండు వైపుల నుంచి ఆరుగురు మహిళా నాయకులను ఆ సంస్థ అయిదేళ్లకు పైగా రహస్యంగా కూర్చోబెట్టింది. ఎవరూ అభిప్రాయం మార్చుకోలేదు. బహిరంగంగా వాడే భాష మాత్రం మారింది.

ఆ పద్ధతిలో అసలు పని మొదటి సమావేశానికి ముందే మొదలవుతుంది. సంభాషణ నడిపించే ఇద్దరు ఫెసిలిటేటర్లు, వీలైతే ఒక్కో మతం నుంచి ఒకరు, ప్రతి విద్యార్థితోనూ విడిగా అరగంట మాట్లాడతారు. ఇంతకుముందు ఈ విషయంపై మాటలు ఎక్కడ చెడ్డాయి, ఏ మాట వింటే నోరు మూసుకుపోతుంది, ఏ హామీ ఇస్తే మాట్లాడగలరు అని అడుగుతారు. ఒప్పంద నియమాలు ఆ జవాబుల నుంచే తయారవుతాయి. తన తరఫునే మాట్లాడాలి, ఎదుటివారిని ఒప్పించే ప్రయత్నం చేయకూడదు, జవాబు ఇష్టం లేకపోతే ‘పాస్’ అనవచ్చు, గదిలో విన్నది పేరుతో బయట చెప్పకూడదు.

ఆ తర్వాత మూడు ప్రశ్నలు వరసగా వస్తాయి. ఈ విషయంతో మీ జీవితానికి ముడి ఎక్కడ పడింది? ఇందులో మీకు అన్నిటికంటే ముఖ్యమైనదేది? మీ వైపు వాదనలో మీకే సందేహం కలిగించే చోటేది? ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, మధ్యలో ఎవరూ అడ్డుపడరు. మూడో ప్రశ్నకు ముందు ఒక నిమిషం మౌనంగా రాసుకోనివ్వాలి. లేకపోతే అందరూ రెండో జవాబునే మళ్లీ చెబుతారు.

ఇక్కడ లెక్క ముఖ్యం. పన్నెండు మంది ఉంటే ఒక్క చుట్టు 24 నిమిషాలు, మూడు చుట్లు 72. నియమాలకు, మౌనానికి పదిహేను నిమిషాలు పోతే రెండు గంటల సమావేశంలో స్వేచ్ఛగా ప్రశ్నలు అడుక్కోవడానికి అరగంట మిగులుతుంది. ఇరవై మందిని పిలిస్తే మూడు చుట్లతోనే రెండు గంటలూ అయిపోతాయి. స్పందన ఎక్కువగా ఉందని అందరినీ రానిచ్చిన చోట విఫలం కావడానికి కారణం తరచు ఇంతే.

వివాదాన్ని మొదటి సమావేశంలో ముట్టుకోకపోవడం మేలు. మూడు, నాలుగు వారాలు గ్రంథ పఠనం జరగాలి. యూదు సంప్రదాయంలోని హెవ్రూతా పద్ధతి ఇందుకు బాగా సరిపోతుంది. ఇద్దరు జంటగా కూర్చుని ఒక్కో వాక్యం గట్టిగా చదువుతూ వాదించుకుంటారు. వాదన అమర్యాద కాదని, కలిసి చదవడానికి అదొక మార్గమని క్రైస్తవ విద్యార్థికి అలవాటయ్యేది అక్కడే.

ఒక అధ్యాయం, రెండు చదువులు

ఆదికాండము 21 తరచు ఎంచుకునే పాఠం. శారా మాట మీద అబ్రాహాము హాగరునూ ఇష్మాయేలునూ ఎడారిలోకి పంపేస్తాడు. నీళ్లు అయిపోతాయి. పిల్లవాడు ఉన్నచోటనే దేవుడు అతని మొర వింటాడు. యూదులు కొత్త సంవత్సరం రోష్ హషానా మొదటి రోజున సినగాగ్‌లో చదివేది ఈ అధ్యాయమే. ‘ఉన్నచోటనే’ అన్న మాట పట్టుకుని యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం తల్ముద్ ఒక సూత్రం చెబుతుంది. మనిషికి తీర్పు ఆ క్షణంలోని అతని స్థితిని బట్టే, రేపు అతను గానీ అతని సంతతి గానీ చేయబోయేదాన్ని బట్టి కాదు. ఇష్మాయేలు వంశం ముందు ముందు ఇశ్రాయేలును బాధిస్తుందని దేవదూతలు అభ్యంతరం చెప్పినా దేవుడు వినలేదని వ్యాఖ్యానాలు అంటాయి. గాజా పిల్లల గురించి ఒక రబ్బీ విద్యార్థి ప్రసంగం రాసుకోవాలంటే ఇంతకంటే సూటి ఆధారం మరొకటి దొరకదు.

ఇప్పుడు గలతీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం తెరుస్తారు. పౌలు అదే కథను ఉపమానంగా మారుస్తాడు. హాగరు అంటే సీనాయి, ఇప్పటి యెరూషలేము, దాస్యం. శారా అంటే పైనున్న యెరూషలేము, స్వాతంత్ర్యం. దాసిని, ఆమె కొడుకును వెళ్లగొట్టమన్న శారా మాటనే ఎత్తి చూపుతాడు. యూదులను వారి కథలోంచే బయటికి నెట్టిన వేదాంతానికి శతాబ్దాలపాటు ఆధారమైన వాక్యాల్లో ఇదొకటి. క్రైస్తవ విద్యార్థి దీన్ని ఎన్నోసార్లు చదివి ఉంటాడు, పక్కన ఒక యూదుణ్ని కూర్చోబెట్టుకుని మాత్రం చదివి ఉండడు. ఒకే బల్లమీద ఈ రెండు పాఠాలూ పరిస్తే ఎదుటివారి భయం ఎక్కడిదో ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది. వెళ్లగొట్టబడినవారు ఎవరన్న ప్రశ్న తనంతట తానే 1948కి చేరుతుంది. ఆ ఏడాది సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. అదే ఏడాది యూదులకు రాజ్యస్థాపన.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ముందు చెడేది కాలరేఖ దగ్గర. ప్రతి విద్యార్థినీ ఈ వివాదం అర్థం కావాలంటే తప్పనిసరి అనుకున్న అయిదు తేదీలు చీటీల మీద రాసి గోడకు అంటించమంటే తేడా కళ్లకు కడుతుంది. ఒకరి గోడ 1948, 1967తో మొదలవుతుంది. మరొకరిది రష్యా యూదులపై దాడులు మొదలైన 1881తోనో, జర్మనీలో సినగాగ్‌లు తగలబడిన 1938తోనో. ఈ అభ్యాసం చేయకుండా వాదనలోకి దిగితే ఇద్దరూ వేర్వేరు సంఘటనల గురించి మాట్లాడుతూ ఎదుటివారు మాట దాటేస్తున్నారని అనుకుంటారు.

రెండోది పోలికలు. పాలస్తీనా క్రైస్తవ వేదాంతి నయీమ్ అతీక్ 2001 ఈస్టర్ సందేశంలో తన ప్రజల బాధను సిలువ బాధతో పోల్చారు. బాధలో ఉన్న క్రైస్తవుడికి చేతికందే మొదటి పోలిక అదే. కానీ సిలువ వేసినవాడి స్థానంలో యూదు రాజ్యాన్ని నిలబెడితే యూదు శ్రోతకు వినబడేది యేసును చంపింది యూదులేనన్న దైవహత్య నింద. ఏళ్ల తరబడి తమ పూర్వికులను చంపించిన నింద అది. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదాన్ని ఒప్పుకోవాలంటే రెండోదాన్ని వదులుకోవాలని పట్టుబట్టిన గదులే కూలిపోయాయి. ఇంతకంటే చిన్న జారుడు కూడా ఉంది. యేసు కాలం నాటి యూదు మతవర్గం పేరైన ‘పరిసయ్యుడు’ను కపటి అన్న అర్థంలో వాడటం. తెలుగు ప్రసంగ వేదికల మీద కూడా ఇది నిత్యం వినబడేదే. ఇప్పటి రబ్బీలు తమ సంప్రదాయానికి మూలపురుషులుగా భావించేది ఆ పరిసయ్యులనే.

మూడోది ముప్పు సమానంగా లేకపోవడం. ఉదారవాద ప్రొటెస్టెంట్ విద్యార్థి ఇజ్రాయెల్‌ను విమర్శిస్తే అతని ఉద్యోగానికి సాధారణంగా నష్టం లేదు. రబ్బీ విద్యార్థి ఏ వైపు గట్టిగా మాట్లాడినా రేపు సినగాగ్ నియామక కమిటీ ఆ మాటను వెతికి పట్టుకుంటుంది. తోటి యూదు విద్యార్థుల ముందు నోరు జారడమే క్రైస్తవుల ముందు జారడం కంటే భయం. అందుకే ఉమ్మడి సమావేశాల మధ్య ఏ మతంవారు ఆ మతంవారే విడిగా కూర్చునే గంట ఒకటి ఉండాలి. ఇజ్రాయెల్‌లో యూదులు, అరబ్బులు కలిసి నివసించే నెవె షాలోం గ్రామంలోని శాంతి పాఠశాల 1979 నుంచి యూదు–అరబ్బు బృందాలతో ఇలాంటి విడి సమావేశాలు నడుపుతోంది. సొంతవారి మధ్య గొడవ అక్కడ పడితే ఉమ్మడి గదిలో ఒకే గొంతు నటించాల్సిన అవసరం తగ్గుతుంది.

చిన్నవిగా కనిపించే తప్పులూ ఉన్నాయి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు, యూదుల విశ్రాంతి దినం. ఆదివారం ఉదయం క్రైస్తవ విద్యార్థులకు చర్చిలో శిక్షణ విధులు. కాబట్టి రెండు రోజుల శిబిరానికి ఆదివారం సాయంత్రం నుంచి శుక్రవారం సూర్యాస్తమయం లోపు మాత్రమే చోటుంది. భోజనం కోషర్ (యూదు ఆహార నియమాల) ధ్రువీకరణ ఉన్న వంటశాల నుంచి రావాలి. శాకాహారమైతే చాలదు, వండిన పాత్రలు కూడా లెక్కే. ఎవరో ఒకరు తినకుండా పక్కన కూర్చున్న బల్ల దగ్గర సమాన హోదా గురించి మాట్లాడటం బాగుండదు. వేర్వేరు వర్గాల కలయిక ద్వేషాన్ని తగ్గించాలంటే కావాలని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన నాలుగు షరతుల్లో సమాన హోదా మొదటిది. ఉమ్మడి లక్ష్యం, సహకారం, సంస్థ మద్దతు మిగతావి.

అక్కడికి వెళ్లి చూస్తే

కొన్ని కార్యక్రమాలు ప్రయాణంతో ముగుస్తాయి. జెరూసలేం, బెత్లెహేం మధ్య 1972లో తెరుచుకున్న టంటూర్ ఎక్యుమెనికల్ సంస్థ క్రైస్తవ బృందాలకు అనువైన బస. రబ్బీ విద్యార్థులకు 2005లో మొదలైన ఎన్‌కౌంటర్ సంస్థ బెత్లెహేం ప్రాంత పర్యటనలు ఏర్పాటు చేస్తూ వచ్చింది. ఇక్కడ ఒక చట్టపరమైన చిక్కు ఉంది. బెత్లెహేం పట్టణం, రామల్లా లాంటి ‘ఎ’ ప్రాంతాల్లోకి (వెస్ట్ బ్యాంక్‌లో పాలస్తీనా పాలన కింద ఉన్నవి) ఇజ్రాయెల్ పౌరులు అడుగుపెట్టడాన్ని సైనిక ఉత్తర్వు నిషేధిస్తుంది. దారి మొదట్లో ఎర్ర బోర్డులు ఉంటాయి. అమెరికన్ విద్యార్థికి ఇజ్రాయెల్ పౌరసత్వం కూడా ఉంటే ఆ నిషేధం అతనికీ వర్తిస్తుంది. ముందుగా అనుమతి తీసుకోవాలి, లేదా రెండు వైపులవారూ చేరుకోగల చోటు వెతకాలి. బేట్ జాలాలోని తలీతా కూమి పాఠశాల ఇజ్రాయెల్ అధీనంలోని ‘సి’ ప్రాంతంలో ఉండటం వల్లే ఇలాంటి సమావేశాలకు అంతగా వాడుకలోకి వచ్చింది. ఈ సంగతి ఆఖరి వారంలో తెలిస్తే బృందంలో ఒకరు బస్సు దిగిపోవాల్సి వస్తుంది.

ఏసు నడిచిన రాళ్లు చూసి తిరిగొచ్చే యాత్రకూ దీనికీ తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి ప్రభుత్వ సాయంతో జెరూసలేం వెళ్లే యాత్రికులకు కూడా ఆ తేడా తెలిసే అవకాశం తక్కువ. బెత్లెహేంలో నిద్రచేసినా, అక్కడి క్రైస్తవ కుటుంబం జెరూసలేం చర్చికి పోవాలంటే అనుమతిపత్రం కావాలని ఏ గైడూ పనిగట్టుకుని చెప్పడు.

ముందు ఏం జరగవచ్చు

2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరినంత మాత్రాన సెమినరీల మధ్య మాటలు పాత చోటికి రావు. పెట్టుబడుల తీర్మానాలు వెనక్కి పోవు. క్యాంపస్‌లు అమ్ముకుని ఆన్‌లైన్‌కు మారే సెమినరీలు పెరుగుతున్నాయి కాబట్టి అనుకోని పలకరింపులు మరింత తగ్గుతాయి. ఇద్దరిద్దరు జంటలు వీడియోలో నిలుస్తాయి. పన్నెండు మంది గుండ్రం మాత్రం తెరమీద సరిగా నడవదు. రికార్డింగ్ ఆగిందని అందరికీ కనిపించేలా చేయకపోతే ఎవరూ నోరు విప్పరు.

తెర వల్ల ఒక లాభం ఉంది. ఇన్నాళ్లూ ఈ గదిలో లేనివారు పాలస్తీనా క్రైస్తవులు. వెస్ట్ బ్యాంక్, గాజాల్లో కలిపి యాభై వేలకు అటూ ఇటూ ఉండే సమాజం. న్యూయార్క్‌లో ఉదయం పది గంటల తరగతికి బెత్లెహేంలో సాయంత్రం అయిదు. చెక్‌పోస్టు దాటక్కర్లేదు. అయినా వారు సులభంగా రారు. ఆక్రమణను పేరు పెట్టి ప్రస్తావించని కలయిక ఉన్న పరిస్థితినే మామూలు చేస్తుందని పాలస్తీనా పౌర సంఘాలు వ్యతిరేకిస్తాయి. వచ్చినవారు ఇంటి దగ్గర జవాబు చెప్పుకోవాలి. కాబట్టి ఆహ్వానంలోనే మూడు విషయాలు రాసి పంపాల్సి ఉంటుంది: ఆక్రమణ అన్న మాట గదిలో నిషిద్ధం కాదని, ఒక్కరినే పిలిచి అందరి తరఫునా మాట్లాడమనబోరని, వారి పేరు గానీ ఫొటో గానీ సెమినరీ ప్రచారంలో వాడబోరని. మూడో షరతుకు నిధులిచ్చే దాతలు తరచు ఒప్పుకోరు. ఏడాది చివర నివేదికలో ఫొటో కావాలంటారు.